బూడిద దగ్గు

త్రివేణి కాలి మీద మొదటి గడ్డ లేచినప్పుడు ఇంట్లో ఎవరూ దాన్ని ఖాతరు చేయలేదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో కాళ్ళనొప్పి అని మూలిగితే నవ్విపోతారు. పొద్దున్నే మగ్గం గుంతలోకి కాళ్ళు దించిన మనిషి అన్నానికి తప్ప పైకి తీయదు. ఎక్కడో తగిలి ఉంటుందిలే అనుకుంది త్రివేణి. మర్నాటికి రెండో కాలి మీదా లేచాయి. అప్పుడు చీర కాస్త పైకి జరిపి అత్తకు చూపించింది.

అత్త లక్ష్మీదేవమ్మ వంగి చూసింది. మోకాళ్ళ కింద, ముందెముక పొడుగునా, ఎర్రగా కందిన గడ్డలు. కొన్ని చింతగింజంత, ఒకటి రెండు నిమ్మకాయంత. సెగ్గడ్డలకు ఉన్నట్టు మొన లేదు, చీము లేదు. చెయ్యి పెడితే వేడిగా కాలుతున్నాయి. పెట్టీపెట్టక ముందే త్రివేణి "అమ్మా" అని కాలు వెనక్కి లాక్కుంది.

"యాడన్నా కొట్టుకున్నావేమే?"

"రెండు కాళ్ళకూ ఒగే మాదిరి కొట్టుకుంటానా అత్తా?"

అదీ నిజమే. లక్ష్మీదేవమ్మ వేపాకు, పసుపు నూరి పట్టు వేసింది. వేస్తూ వేస్తూ పక్కకు తిరిగి దగ్గింది. ఆ దగ్గును కూడా ఇంట్లో ఎవరూ ఖాతరు చేయలేదు.

ఇక్కడ లక్ష్మీదేవమ్మ పని ఏమిటో చెప్పుకోవాలి. అది చెప్పకుంటే ఈ కథ అర్థం కాదు. చీరలు నేసి నేసి ఒక పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, అయిపోయాక మగ్గంలో పాత పోగుల కొసలు మిగులుతాయి. వేలకొద్దీ కొసలు. కొత్త పడుగు పోగుల్ని తెచ్చి, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త పోగును మెలిపెట్టి కలపాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. వేళ్ళు జారకుండా పక్కన గిన్నెలో బూడిద పెట్టుకుంటారు. ఇద్దరు ఆడవాళ్ళు పోగుల మీదికి తలలు వంచి, భుజం భుజం ఒరుసుకుంటూ పొద్దంతా కూర్చుంటారు. గాలికి పోగులు ఎగురుతాయని ఫ్యాను ఆపేస్తారు, కిటికీ మూసేస్తారు. మగ్గాల వీధిలో ఎవరింట్లో పడుగు అయిపోయినా "లక్ష్మీదేవక్కను పిలుచుకొని రాపో" అంటారు. ఆమె అతికిన పోగు నేతలో తెగిందన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. మొగుడు వెంకటరాముడు పోయాక ఆమెను మనిషిగా నిలబెట్టింది ఆ పిలుపే. ఎవరింటికి వెళ్ళినా ముందు కాఫీ గ్లాసు, ఆ తర్వాత ఆ ఇంటి పిల్లలు ఒళ్ళోకి. ఆమెకు అదే వైభోగం.

బూడిదలో వేళ్ళు పెట్టి ఏళ్ళ తరబడి బతికే వాళ్ళకు దగ్గు ఉంటుంది. దానికి వీధిలో 'బూడిద దగ్గు' అని పేరు. అది జబ్బుల కింద లెక్కకు రాదు. కమ్మరి చేతికి కాయలున్నట్టు అచ్చు అతికేవాళ్ళకు దగ్గు. లక్ష్మీదేవమ్మ జోడీ ఓబులమ్మకూ ఉంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దగ్గుతూ ఉంటే, "మీ ఇద్దరి దగ్గూ కలిస్తే ఒగ మేళం" అని జనం ఎగతాళి చేసేవాళ్ళు.

కానీ లక్ష్మీదేవమ్మకు తెలుసు, తన దగ్గు ఉగాది దాటినప్పటి నుంచి బూడిద దగ్గు కాదని. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. తెల్లారేసరికి రవిక చెమటకు తడిసిపోతోంది. ఆ రవికలు కూడా వదులైపోయాయి, లోపలికి కుట్టుకుని తొడుక్కుంటోంది. ఒకసారి స్నానాల గదిలో దగ్గితే కొంగు మీద ఎర్రగా పడింది. ఆ కొంగును మూడుసార్లు ఉతికి, మిగతా బట్టల అడుగున ఆరేసింది.

ఇదేం జబ్బో తెలియకపోవడానికి ఆమె చిన్నపిల్ల కాదు. ఆమె అక్క హనుమంతమ్మ ఇదే జబ్బుతో పోయింది. అప్పట్లో పామిడి దగ్గర పుట్టింట్లో హనుమంతమ్మను గొడ్లపాకలోకి మార్చారు. పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్ళు కాదు. ఆ ఇంటిముందు నుంచి పోయేవాళ్ళు ముక్కు మూసుకుని పోయేవాళ్ళు. చచ్చిపోయాక కూడా ఆ పాకను తగలబెట్టే దాకా ఊరు ఊరుకోలేదు. ఆ మంటను లక్ష్మీదేవమ్మ కళ్ళారా చూసింది. అందుకే నోరు మూసుకుంది.

త్రివేణికి జ్వరం వచ్చింది. చీలమండలు వాచాయి. మగ్గం ముందు కూర్చోవడం అటుంచి, కాలు కింద పెడితే కన్నీళ్ళు కారుతున్నాయి. త్రివేణి, ఆమె మొగుడు కేశవ పక్కపక్కన కూర్చుని నేసే మగ్గం అది. ఒక చెయ్యి లేకపోతే చీర ముందుకు కదలదు. పెళ్ళిచీర ఒకటి కొంగు దగ్గర ఆగిపోయి ఉంది.

ఓబులమ్మ వచ్చి గడ్డలు చూసి వెంటనే తేల్చేసింది. "ఇది గుంత చెమ్మ. మీ మగ్గం గుంతలో చెమ్మ దిగినాది. ఆ చెమ్మ కాళ్ళకు పట్టి గడ్డలు కట్టినాయి."

కేశవ నవ్వాడు. "ఊర్లో బోర్లన్నీ ఎండి చస్తాండాయి. ట్యాంకరు వస్తే బిందెల కాడ కొట్లాట. నా గుంతలో మాత్రం గంగమ్మ తల్లి ఉండాదా పిన్నమ్మా?"

"పక్కింటోళ్ళ సంపు కారుతాండాది. నీ గోడ తాకి సూడు, తెలుస్తాది."

గోడ తాకి చూస్తే నిజంగానే కాస్త తడిగా ఉంది. కేశవ నవ్వు ఆగిపోయింది. అయినా పెళ్ళాన్ని అలా చూస్తూ ఉండలేక, మర్నాడే ఆటో మాట్లాడి బస్టాండుకు తీసుకెళ్ళి అనంతపురం బస్సు ఎక్కించి తనూ ఎక్కాడు. నాలుగేళ్ళ పాప హాసిని అవ్వను వదిలి ఉండదు కాబట్టి లక్ష్మీదేవమ్మా వెంట వెళ్ళింది.

ఆసుపత్రిలో డాక్టరు సునంద గడ్డలను వేళ్ళతో నొక్కలేదు. పక్కనే చర్మం మీద దూదితో తాకి, "తెలుస్తోందా?" అని అడిగింది. తెలుస్తోందంది త్రివేణి.

కేశవ గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, ఇది పెద్దరోగం కాదు గదా?"

"కుష్టు కాదయ్యా, భయపడకు. దీన్ని ఎరిథీమా నోడోసమ్ అంటాం. చర్మం కింద ఉండే కొవ్వు వాచి ఇట్లా గడ్డలు కడుతుంది. పగలవు, చీము పట్టవు, మచ్చ కూడా మిగలదు. ఎర్రగా ఉన్నవి నీలమై, తర్వాత పచ్చబారి, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. నొప్పికి మాత్రలిస్తా. కాళ్ళు ఎత్తుమీద పెట్టుకుని పడుకోవాలి."

"అంతేనా మేడం?"

"గడ్డలకు అంతే. అవి ఎందుకొచ్చాయో చూడాలి, అదీ అసలు పని. గొంతునొప్పి వచ్చి పోయిన తర్వాత రావచ్చు. కొన్ని మందులు పడక రావచ్చు. పేగుల్లో జబ్బుంటే రావచ్చు. ఎంత వెతికినా కారణం దొరక్కపోవచ్చు కూడా. మన దగ్గర మాత్రం ముందు చూడాల్సింది టీబీ. ఆ క్రిమి ఒంట్లోకి కొత్తగా చేరినప్పుడు కొందరికి కాళ్ళ మీద ఇట్లా తేలుతుంది." డాక్టరు త్రివేణి వైపు తిరిగింది. "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

"లేదు మేడం," అంది త్రివేణి. అబద్ధం చెప్పాలని కాదు. ఆమె మనసులో నిజంగానే ఎవరూ దగ్గడం లేదు. ఒక్క క్షణం ఆగి, "మా అత్తకు ఉండాది గానీ అది బూడిద దగ్గు" అంది.

"బూడిద దగ్గేమిటి?"

కేశవ అచ్చు అతకడం గురించి చెప్పాడు. డాక్టరు వింటూనే గోడ పక్క బల్ల మీద పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న లక్ష్మీదేవమ్మను పరీక్షగా చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, లక్ష్మీదేవమ్మ చెయ్యి తనంతట తానే కొంగు దగ్గరికి పోయింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా? గళ్ళ పడుతుందా? రక్తం? సాయంత్రం జ్వరం?"

"ఏమీ లేదు మేడం. పనికి పోయిన పొద్దు రవంత పొడిదగ్గు. అంతే."

"బరువు తగ్గావా?"

"ఈ ఎండలకు ఎవురు లావైతారు మేడం?"

డాక్టరు నవ్వలేదు. "జబ్బు ఉంటే దాచుకోవాల్సింది కాదమ్మా ఇది. ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుంది. మొదలుపెట్టిన కొన్ని వారాలకే పక్కవాళ్ళకు అంటడం ఆగిపోతుంది. దాచుకుంటేనే ప్రమాదం, ముఖ్యంగా పిల్లలకు." ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెప్పించి ఆమె చేతికిచ్చింది. "రేపు పొద్దున నోరు కడగక ముందే లోపలి నుంచి దగ్గి, ఆ గళ్ళ ఇందులో ఉమ్మి పంపించు. నీ ఛాతీ ఫోటో కూడా తీయిద్దాం. పాపను కూడా ఒకసారి చూపించండి."

ఛాతీ ఫోటో తీసే చోట జనం చాలామంది ఉన్నారు. లక్ష్మీదేవమ్మకు అది కలిసొచ్చింది. పాప ఆకలికి ఏడుస్తోంది, బస్సు పోతుంది, ముందు డబ్బీ సంగతి తేలనీ అంది. టీబీ క్రిమి ఒంట్లో చేరిందో లేదో తేల్చే సూది ఒకటి త్రివేణి ముంజేతికి వేసి, రెండు రోజుల తర్వాత వచ్చి చూపించమన్నారు. అందరూ ఇంటికి వచ్చారు.

ఆ రాత్రి లక్ష్మీదేవమ్మకు నిద్ర లేదు. డబ్బీని దిండు కింద పెట్టుకుంది. అందులో తన గళ్ళ పడితే ఏం తేలుతుందో ఆమెకు తెలుసు. తేలిన మరుక్షణం వీధిలో ఎవరూ పిలవరని కూడా తెలుసు. మాత్రలు వేసుకుంటే నయమైపోతుందని డాక్టరు చెప్పింది, నిజమే. జబ్బు పోతుంది. ఆ జబ్బు వచ్చిందన్న మాట పోతుందా? పక్కన పాప ఆమె రవిక పట్టుకుని నిద్రపోతోంది. రేపటి నుంచి ఈ పిల్లను కూడా పక్కలోకి రానివ్వరు.

తెల్లవారుతూనే డబ్బీ కొంగున కట్టుకుని ఓబులమ్మ ఇంటికి పోయింది.

"ఓబులా, నోరు కడుక్కున్నావా?"

"ఇంకా లేదక్కా. ఏమిటికి?"

"దీంట్లో రవంత దగ్గి ఉమ్ము. ఆసుపత్రికి కావల్ల."

ఓబులమ్మ డబ్బీని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీ ఉమ్ము ఏమాయనే?"

"నాది పొడిదగ్గు, రాలేదు. ఇద్దరిదీ బూడిద దగ్గే గదా. ఒగే గిన్నెలో బూడిద, ఒగే దగ్గు. ఎవురు ఉమ్మితే ఏముండాది?"

ఓబులమ్మ పకపకా నవ్వింది. "నా ఉమ్ముకు కూడా గిరాకీ వచ్చెనే!" అని కంఠం సవరించుకుని దగ్గి డబ్బీలో ఉమ్మింది. లక్ష్మీదేవమ్మ మూత బిగించింది. ఇంటికి పోయి కొడుకు చేతికిచ్చింది. దారి పొడుగునా తను ఓబులమ్మకు చెప్పిన మాటే తనకూ చెప్పుకుంది, ఒకే బూడిద, ఒకే దగ్గు అని. చెప్పుకుంటే నమ్మకం కుదురుతుందేమోనని ఆశ.

ఓబులమ్మ ఉమ్ములో ఏ క్రిమీ లేదు. ఎందుకుంటుంది? ఆమెది నిఖార్సైన బూడిద దగ్గు.

త్రివేణి ముంజేతి మీద సూది వేసిన చోట మాత్రం పెద్దగా వాచి ఎర్రబడింది. త్రివేణి ఛాతీ ఫోటోలో ఏమీ లేదు. డాక్టరు సునంద ఆలోచించి ఆలోచించి, "క్రిమి ఎక్కడి నుంచో చేరింది. మీ అత్తది కాదని తేలింది కాబట్టి ఇంకెవరో. మీ ఇంటికి పనిమీద వచ్చేవాళ్ళు, మీరు పోయే చోట్లు గుర్తు చేసుకోండి. గడ్డలు పోయినాయని మర్చిపోవద్దు, నెలకు మళ్ళీ రావాలి. పాపను తప్పకుండా తీసుకురండి" అని మరీ మరీ చెప్పి పంపింది.

"అమ్మకేమీ లేదంట!" కేశవ గడపలోకి వస్తూనే సంతోషంగా అరిచాడు. తన తల్లిని అనుమానించారన్న బాధ ఆ రెండు రోజులూ అతన్ని తినేసింది. ఆ సంతోషం చూసి లక్ష్మీదేవమ్మ ఇప్పుడన్నా చెప్పేద్దామనుకుంది. కానీ కొడుకు అప్పటికే స్వీటు పొట్లం విప్పి పాప నోట్లో పెడుతున్నాడు.

ఇంట్లో జబ్బు లేదు, మరి గడ్డలెందుకొచ్చాయి? మిగిలింది మగ్గం గుంత. కేశవ పక్కింటివాళ్ళతో సంపు గురించి తగువేసుకున్నాడు. అది తేలక, "ఈ గుంతే వద్దు" అన్నాడు. మగ్గాన్ని నేల మీదికి ఎత్తి, ఇనుప కాళ్ళు బిగించి, బల్ల మీద కూర్చుని నేసేలా మార్పించాలని నిశ్చయించాడు.

ఆ గుంత వెంకటరాముడు స్వయంగా తవ్వింది. కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన లక్ష్మీదేవమ్మ ఆ మట్టిని గంపలతో బయట పోసింది. ఈ ఇంటి అన్నమంతా ఆ గుంతలోంచే వచ్చింది. ఇప్పుడు కేశవ దాన్లోకి ఎర్రమట్టి గుమ్మరిస్తున్నాడు. మధ్యలో ఆగి, "ఏమ్మా, నాయన తవ్విన గుంత. నీకు బాధ లేదు గదా?" అని అడిగాడు.

"పూడ్చు నాయనా. బిడ్డ కాళ్ళకంటే ఎక్కువా?" అంది.

నిర్దోషిని ఉరికంబం ఎక్కించి తను పక్కన నిలబడి చూసినట్టుంది ఆమెకు. మట్టి నిండుతున్నంతసేపూ అక్కడే నిలబడింది. పారతో అదిమి నీళ్ళు చల్లి చదును చేశాక, గుంత ఉండేదని కూడా తెలియలేదు.

అప్పుడు జరగాల్సిందే జరిగింది. గడ్డలు ఎరుపు తగ్గి నీలమయ్యాయి. నీలం పోయి, దెబ్బ తగిలి మానేటప్పటి పచ్చరంగు తిరిగాయి. ఒకరోజు త్రివేణి కాళ్ళు చాపి చూసుకుంటే ఏమీ లేవు. వాటంతటవే పోతాయని డాక్టరు ముందే చెప్పింది గానీ, ఆ మాట ఎవరికి గుర్తుంది? గుంత పూడ్చారు, గడ్డలు పోయాయి. ఇంతకంటే రుజువేం కావాలి! ఓబులమ్మ వీధి వీధంతా తిరిగి తను చెప్పినట్టే జరిగిందని చాటింది. నేతగాడు జయరాముడు రెండుసార్లు వచ్చి పూడ్చిన చోటును కాలితో తట్టి చూసి, తన గుంత కూడా పూడ్పించాలా అని కేశవను సలహా అడిగాడు.

నెల దాటింది. త్రివేణి ఆసుపత్రి మాట ఎత్తింది. "తగ్గిపాయ గదే, బంగారంలాంటి బిడ్డకు సూదులు పొడిపిస్తావా?" అంది లక్ష్మీదేవమ్మ. అత్త చేసిన పనికి ఆరళ్ళు లేవంటారు. త్రివేణి మళ్ళీ అడగలేదు.

అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, లక్ష్మీదేవమ్మ కూడా నమ్మడం మొదలుపెట్టింది. గడ్డలు తన వల్ల వచ్చుంటే తను దగ్గుతూనే ఉంది కదా, ఎలా పోయాయి? అంటే తనది కాదు. గుంతదే. ఈ లెక్క ఆమెకు తేనెలా ఉండింది. కొద్దిరోజులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పనికి పోయింది. "ఏమక్కా, కొత్త పెళ్ళికూతురి మాదిరి కొంగు కప్పుకున్నావు?" అని ఒకరడిగారు. ఆ రోజు నుంచి కొంగు తీసేసింది. మిరియాల కషాయం తాగింది. పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళింది. ఫ్యాను ఆపిన గదుల్లో, మూసిన కిటికీల వెనక, వంచిన తలల మధ్య కూర్చుని పోగులు కలిపింది. ఇంటికొచ్చి పాపను ఒళ్ళో పెట్టుకుని గోరుముద్దలు తినిపించింది.

పాప ముద్దలు తగ్గించేసింది. రెండు తిని మొహం తిప్పుకుంటోంది. ఆటల్లో కూడా ఊరికే కూర్చుంటోంది. ఎండలకని త్రివేణి అనుకుంది, దిష్టి అని కేశవ అనుకున్నాడు.

ఆదివారం పాపకు తల అంటుదామని లక్ష్మీదేవమ్మ పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. వేడిచేసిన నువ్వులనూనె వీపుకు రాసింది. పక్కటెముకలు చేతికి తగిలాయి. చేతులకు రాసింది. కాళ్ళు చాపించి మోకాళ్ళ కిందికి చెయ్యి జార్చింది. పాప కెవ్వుమంది.

"ఏమాయనే?"

"నొప్పి అవ్వా. ఆడ ముట్టుకోవద్దు."

లక్ష్మీదేవమ్మ నూనె చేతిని చీరకు తుడుచుకుని పాప కాలిని ఎండ వైపు తిప్పింది. ఎముక మీద, ఎర్రగా, చింతగింజంత. దాని పక్కన ఇంకొకటి. రెండో కాలి మీద మూడు. వేడిగా కాలుతున్నాయి.

ఈ పిల్ల మగ్గం గుంతలో ఏనాడూ కాలు పెట్టలేదు. పడిపోతుందని లక్ష్మీదేవమ్మే దాని దరిదాపులకు రానిచ్చేది కాదు.

అయినా మనిషి బుద్ధి ఎంత పాడుదో చూడండి. మొదట ఆమె చేసిన పని, గౌను అంచు కిందికి లాగి ఆ గడ్డలను కప్పడం. చుట్టూ చూసింది. పెరట్లో ఎవరూ లేరు. ఎక్కడో పడిందని చెప్పవచ్చు. చీమ కుట్టిందనవచ్చు. ఇవీ వాటంతటవే పోతాయి. అప్పటిదాకా తనే స్నానం చేయిస్తే సరి. ఇంతలో పాప ఏడుపు ఆపి, నొప్పి పెట్టిన అవ్వకే నొప్పి చెప్పుకుందామని, నూనె చేతులు చాచి మీదికి వచ్చింది. మొహానికి మొహం ఆనించబోయింది.

లక్ష్మీదేవమ్మ పాపను రెండు చేతులతో దూరంగా ఆపింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లను ఆమె అలా ఆపడం అదే మొదలు. పాపకు అర్థం కాక మళ్ళీ ఏడ్చింది.

"కేశవా!" అని పిలిచింది. ఇంకోసారి అరిచింది. "కేశవా! త్రివేణీ! బిరీన రాండి!"

ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. త్రివేణి పాప కాళ్ళు చూడగానే గుర్తుపట్టింది. ఆ నొప్పి ఎలాంటిదో ఆమెకు తెలుసు. పాపను ఎత్తుకుంది.

"ఇదేమమ్మా?" అన్నాడు కేశవ. "గుంత పూడ్చినాం గదా. అదీ గాక పాప ఎప్పుడు దిగినాది గుంతలోకి? మళ్ళా యాడి నుంచి వచ్చె?"

"నా నుంచి."

"ఏమి?"

"గుంతలో ఏమీ లేదు నాయనా. నాకుండాది. ఉగాది నుంచి ఉండాది. రగతం కూడా పడినాది. నాది బూడిద దగ్గు కాదు."

కేశవ తల్లిని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "డబ్బీలో ఏమీ లేదనె గదమ్మా ఆసుపత్రోళ్ళు! నేనే గదా ఇచ్చొచ్చినా!"

"దాంట్లో ఉమ్మింది నేను కాదు. ఓబులమ్మ."

"నాయన తవ్విన గుంతను పూడిపిస్తివే నా చేత" అని మాత్రం అన్నాడు కేశవ. అతనికి అప్పుడు ఆ ఒక్కటే తోచింది. లోపలికి పోయి తువ్వాలు, ఆసుపత్రి కాగితాలు వెతకసాగాడు. వెతుకుతూ ఏదో గిన్నెను తన్నిన చప్పుడు బయటికి వినిపించింది.

లక్ష్మీదేవమ్మ కోడలి వైపు చూసింది. తిడుతుందేమో, కొడుతుందేమో. కొట్టినా బాగుండు. "మా అక్కను గొడ్లపాకలో ఏసినారే. నన్ను ఎవురూ పిలవరని బయపడినా" అంది.

"దగ్గినందుకు నిన్ను ఏమనను అత్తా," అంది త్రివేణి. కన్నీళ్ళు కారుతున్నా గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "జబ్బు ఎవురికైనా వస్తాది. నా కాళ్ళకొచ్చినా పడి లేస్తిని. తెలిసి పాపను ఒళ్ళో పెట్టుకుంటివే. డాక్టరమ్మ నీ మొహం సూసి చెప్పినాది గదా, పిల్లోళ్ళకు ప్రమాదమని. విని గూడా పక్కలో పండబెట్టుకుంటివే. దానికి నేనేమి చెప్పుకోవల్ల?"

పాప మీద ప్రేమతోనే పక్కలో పడుకోబెట్టుకున్నానని లక్ష్మీదేవమ్మ చెప్పబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చి అక్కడే సిగ్గుతో చచ్చిపోయింది. "ఓబులమ్మను కూడా పరీచ్చ చేయించమని చెప్పు. నేను పోయిన ఇండ్లన్నీ నేనే చెప్తా, ఒగటి కూడా దాచను" అంది. త్రివేణి అప్పటికే పాపను ఎత్తుకుని వీధిలోకి నడిచింది.

కేశవ ఆటో తెచ్చాడు. త్రివేణి పాపతో వెనక సీట్లో కూర్చుంది. అలవాటు కొద్దీ లక్ష్మీదేవమ్మ వాళ్ళ పక్కన ఎక్కబోయి, కాలు పైన పెట్టి, మళ్ళీ దింపేసింది. ముందుకు పోయి డ్రైవరు పక్కన, బయటి అంచున కూర్చుంది. కొంగు ముక్కుకూ నోటికీ చుట్టి వెనక ముడి వేసుకుంది. వీధిలో వాకిళ్ళ ముందు నిలబడిన వాళ్ళు చూశారు. చూడనీ అనుకుంది.

ఆటో కదిలింది. "అవ్వా," అని వెనక నుంచి పాప పిలిచింది. "అవ్వా, ఈడికి రా. నా కాడ కూసో." పలకకపోతే సీటు మీద నుంచి ముందుకు వంగి చెయ్యి చాపింది. చిన్న చెయ్యి లక్ష్మీదేవమ్మ భుజానికి తగిలింది. "అవ్వా, ఇట్ల సూడు. ఒగసారి సూడు."

లక్ష్మీదేవమ్మ మెడ బిగబట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. బస్టాండు వచ్చేదాకా పాప పిలుస్తూనే ఉంది, ఆమె వెనక్కి తిరగలేదు.